అమెరికాలో చదివే బిడ్డ ఎలా ఉందో యూనివర్సిటీ మనకెందుకు చెప్పదు?

అమెరికాలో ఎక్కడో ఒక తెలుగు విద్యార్థికి ఏదో అయిందని టీవీలో స్క్రోలింగ్ రాగానే ఇక్కడ వేల ఇళ్ల నుంచి ఫోన్లు వెళతాయి. అవతల అర్ధరాత్రి కావచ్చు, ల్యాబ్‌లో ఉండి ఫోన్ సైలెంట్‌లో పెట్టి ఉండొచ్చు. ఎత్తకపోతే టెన్షన్ రెట్టింపవుతుంది. ఇక ఉండబట్టలేక కాలేజీకే ఫోన్ చేసినవాళ్లకు వచ్చే సమాధానం ఇంకా వింతగా ఉంటుంది: "సారీ, మీ అబ్బాయి వివరాలు మీకు చెప్పలేం." కన్నది మనం, ఇల్లు తాకట్టు పెట్టి లోన్ తెచ్చింది మనం, ఫీజు వెళ్లింది మన ఖాతాలోంచి. మనకు చెప్పకపోవడం ఏమిటి?

ఈ ప్రశ్న ఒకరిద్దరిది కాదు. అమెరికాలోని విదేశీ విద్యార్థులను ఏటా లెక్కించే ఓపెన్ డోర్స్ నివేదిక ప్రకారం 2024-25లో అమెరికాలో ఉన్న భారతీయ విద్యార్థులు 3,63,019 మంది. చదువు అయిపోయి ఓపీటీ (చదివాక కొంతకాలం ఉద్యోగం చేసుకునే అనుమతి) మీద పనిచేస్తున్నవాళ్లు కూడా ఈ లెక్కలో ఉన్నారు. అందులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పిల్లలు ఎంత పెద్ద సంఖ్యలో ఉంటారో డల్లాస్‌లోనో, చార్లట్‌లోనో ఒక శనివారం తిరిగినవాళ్లెవరికైనా తెలుసు.

ముందుగా, మనం దేనికి భయపడుతున్నామో ఒకసారి చూద్దాం. 2024 జులైలో విదేశాంగ శాఖ లోక్‌సభకు ఇచ్చిన సమాధానం ప్రకారం, అంతకు ముందు ఐదేళ్లలో వివిధ దేశాల్లో 633 మంది భారతీయ విద్యార్థులు చనిపోయారు. అందులో అమెరికాలో 108 మంది. ఆ 108లో దాడుల వల్ల పోయినవాళ్లు ఆరుగురు. మిగతావన్నీ జబ్బులు, ప్రమాదాలు, ఇతర కారణాలు. తుపాకీ కాల్పుల వార్త ఒకటి వారం రోజులు నడుస్తుంది. కడుపునొప్పిని వారం పాటు ఓర్చుకుని ఆస్పత్రికి వెళ్లని కుర్రాడి సంగతి వార్త కాదు. కానీ తల్లిదండ్రుల చేతిలో కాస్తో కూస్తో ఏదైనా ఉందంటే అది ఈ రెండో రకంలోనే ఉంది.

కాలేజీలో చేరగానే చేతులు మారే హక్కు

విద్యార్థుల రికార్డుల గోప్యత కోసం అమెరికా 1974లో ఒక ఫెడరల్ చట్టం చేసింది. పూర్తి పేరు పొడుగ్గా ఉంటుంది కాబట్టి అందరూ ‘ఫెర్పా’ అనే పొట్టి పేరుతో పిలుస్తారు. స్కూల్లో ఉన్నంతకాలం పిల్లల రికార్డులు చూసే హక్కు తల్లిదండ్రులదే. 18 ఏళ్లు నిండినా, లేదా వయసుతో పనిలేకుండా కాలేజీలో చేరినా, ఆ హక్కు పూర్తిగా విద్యార్థిదవుతుంది. మార్కులు, ఫీజు బకాయిలు, క్రమశిక్షణ చర్యలు, హాస్టల్ ఫిర్యాదులు అన్నీ ఇందులోకే వస్తాయి. ఫీజు ఎవరు కట్టారన్న ప్రశ్నకు ఇక్కడ చోటే లేదు.

దీనికి కొన్ని మినహాయింపులున్నాయి. ఒకటి, అమెరికా పన్నుల చట్టం ప్రకారం విద్యార్థిని తమ మీద ఆధారపడిన వ్యక్తిగా తల్లిదండ్రులు చూపిస్తే, కాలేజీ ఆ తల్లిదండ్రులకు వివరాలు ఇవ్వవచ్చు. రెండోది, 21 ఏళ్ల లోపు విద్యార్థి మద్యం, మత్తుమందుల విషయంలో నిబంధనలు అతిక్రమిస్తే ఇంటికి చెప్పవచ్చు. ఈ రెండూ మనకు పెద్దగా పనికొచ్చేవి కావు. విజయవాడలో ఐటీ రిటర్న్ వేసే తండ్రికి మొదటి దారి లేదు. ఎంఎస్‌కు వెళ్లే పిల్లల్లో చాలామందికి అప్పటికే 21 దాటి ఉంటాయి కాబట్టి రెండోదీ వర్తించదు. ఫలితంగా ఒకే క్లాసులో పక్కపక్కన కూర్చునే ఇద్దరు తెలుగు పిల్లల్లో, న్యూజెర్సీలో స్థిరపడిన కుటుంబం అమ్మాయి విషయంలో తెరుచుకునే తలుపు, గుంటూరు నుంచి వెళ్లిన అమ్మాయి విషయంలో మూసే ఉంటుంది.

అందరికీ వర్తించే దారి ఒకటుంది, విద్యార్థి అనుమతి. ఎవరికి, ఏ వివరాలు, ఎందుకు చెప్పవచ్చో రాసి సంతకం చేసిన పత్రం కాలేజీలో ఉంటే ఆ మేరకు మాట్లాడతారు. చాలా యూనివర్సిటీల్లో ఇది విద్యార్థి ఆన్‌లైన్ ఖాతాలో ఐదు నిమిషాల పని. అయితే ఇచ్చిన అనుమతిని విద్యార్థి ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. అనుమతి పత్రం ఉన్నంత మాత్రాన కాలేజీ తనంతట తాను ఫోన్ చేసి చెబుతుందని కూడా కాదు.

‘చెప్పొచ్చు’ వేరు, ‘చెప్పి తీరాలి’ వేరు

మూడో మినహాయింపు అన్నింటికన్నా ముఖ్యం. విద్యార్థి ఆరోగ్యానికో, ప్రాణానికో, ఇతరుల భద్రతకో ముప్పు కనిపిస్తే అనుమతి లేకపోయినా తల్లిదండ్రులతో సహా అవసరమైనవాళ్లకు చెప్పే వీలు ఫెర్పాలోనే ఉంది. 2007 ఏప్రిల్‌లో వర్జీనియా టెక్ యూనివర్సిటీలో ఒక విద్యార్థి 32 మందిని కాల్చి చంపాడు. అతని మానసిక స్థితి గురించి తలా ఒకరికి తలా ఒక ముక్క తెలుసు. చట్టం ఒప్పుకోదేమోనన్న భయంతో ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదని తర్వాత విచారణలో తేలింది. ఆ మరుసటి ఏడాది ప్రభుత్వం నిబంధనను సడలించింది. ముప్పు ఉందని నమ్మడానికి కాలేజీ దగ్గర తగిన ఆధారం ఉంటే చాలు, ఆ నిర్ణయాన్ని తర్వాత తప్పుపట్టబోమంది.

ఇక్కడో మెలిక ఉంది. ఇది కాలేజీకి ఇచ్చిన వెసులుబాటే తప్ప దాని మీద పెట్టిన బాధ్యత కాదు. ముప్పు ఉందో లేదో తేల్చుకునేది కాలేజీయే. అది ముప్పు కాదనుకుంటే మనకు ఫోన్ రాదు.

రెండు సంగతులు మాత్రం చాలామందికి తెలియవు. ఫెర్పా కాపాడేది రికార్డులను. ఒక ప్రొఫెసర్ తన కళ్లతో చూసిన సంగతి, అంటే "ఆ అమ్మాయి ఈ మధ్య బాగా చిక్కిపోయింది, క్లాసులో ఏడ్చింది" అన్నది రికార్డు కిందకు రాదు. అది చెప్పడానికి చట్టం అడ్డు కాదు. చెప్పాలా వద్దా అన్నది ఆయన ఇష్టం. ఇక రెండోది, కాలేజీ మనకు చెప్పకుండా ఉండొచ్చు కానీ మనం చెప్పేది వినడానికి ఏ చట్టమూ అడ్డం లేదు.

ఉదాహరణకు ఒక తండ్రి కాలేజీకి ఫోన్ చేసి "మా అమ్మాయి క్లాసులకు వస్తోందా?" అని అడిగితే జవాబు రాదు, అది రికార్డు. అదే తండ్రి "మా అమ్మాయి మూడు రోజులుగా ఫోన్ ఎత్తడం లేదు, పోయిన ఆదివారం మాట్లాడినప్పుడు బతకాలని లేదంది" అని చెబితే అది సమాచారం. చాలా యూనివర్సిటీల్లో డీన్ ఆఫ్ స్టూడెంట్స్ ఆఫీసు కింద ఇలాంటి ఆందోళనలను చూసే బృందం ఒకటి ఉంటుంది, తరచూ ‘కేర్ టీమ్’ అంటారు. వాళ్ల వెబ్‌సైట్‌లో ఉండే ఫారాన్ని ఎవరైనా, ఏ దేశం నుంచైనా నింపవచ్చు. ఆ తర్వాత వాళ్లు ఏం చేశారో మనకు తిరిగి చెప్పకపోవచ్చు. ఎవరో ఒకరు వెళ్లి అమ్మాయి తలుపు తట్టే అవకాశం మాత్రం ఎక్కువ.

ఆస్పత్రిలో వర్తించేది ఇంకో చట్టం

క్యాంపస్‌లోని హెల్త్ సెంటర్ రికార్డులు సాధారణంగా ఫెర్పా పరిధిలోనే ఉంటాయి. బయటి ఆస్పత్రికి వెళితే 1996 నాటి ‘హిపా’ చట్టం వర్తిస్తుంది. రోగి అనుమతి లేకుండా వైద్య వివరాలు బయటపెట్టకూడదన్నది దీని సారం. అయినా జనం అనుకునేంత కఠినమైనది కాదు. రోగి అభ్యంతరం చెప్పకపోతే అతని బాగోగులు చూసుకునే కుటుంబ సభ్యులకు డాక్టర్ విషయం చెప్పవచ్చు. రోగి స్పృహలో లేకపోతే, అతని మేలు కోసం అవసరమనిపించినంత వరకు చెప్పవచ్చు. పేరు చెప్పి అడిగితే ‘నిలకడగా ఉంది’ లాంటి ఒక్క ముక్క సమాచారమైనా ఇవ్వవచ్చు, రోగి వద్దనకపోతే.

పేరు చెప్పి అడగడం దగ్గరే మనవాళ్లకు చిక్కు వచ్చిపడుతుంది. ఇంట్లో చిన్నా, పండు. టెన్త్ సర్టిఫికెట్‌లో ఒక స్పెల్లింగ్. పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందుకో వెనక్కో వెళ్లి ఉంటుంది. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, వీసాలో మొదటి పేరు బదులు ‘ఎఫ్ఎన్‌యూ’ అనే మూడక్షరాలు పడి ఉంటాయి. అర్ధరాత్రి ఆస్పత్రి రిసెప్షనిస్టుకు కావాల్సింది పాస్‌పోర్టులో ఉన్న పేరు, పుట్టిన తేదీ. ఆ పాస్‌పోర్టు మొదటి పేజీ ఫొటో ఇంట్లో అందరి ఫోన్లలోనూ ఉంటే ఈ చిక్కే ఉండదు.

స్పృహ లేనప్పుడు చికిత్స నిర్ణయాలు ఎవరు తీసుకుంటారు? పెళ్లికాని యువతీయువకులకు చాలా రాష్ట్రాల్లో తల్లిదండ్రులదే ముందు వరస. చిక్కల్లా వాళ్లు సుదీర్ఘ విమాన ప్రయాణానికి అవతల ఉండటమే. పక్క గదిలో ఉండే స్నేహితుడికి ఆ అధికారం ఉండదు, ఆస్పత్రికి తీసుకొచ్చింది అతనే అయినా సరే. అందుకే అక్కడ ‘హెల్త్ కేర్ ప్రాక్సీ’ అనే పత్రం ఉంది. కొన్ని రాష్ట్రాల్లో దీన్ని మెడికల్ పవర్ ఆఫ్ అటార్నీ అంటారు. నేను మాట్లాడలేని స్థితిలో ఉంటే నా తరఫున ఫలానా వ్యక్తి నిర్ణయం తీసుకుంటారని విద్యార్థి రాసి, సాక్షుల ముందో నోటరీ ముందో సంతకం చేస్తాడు. అమెరికాలో ఉండే బాబాయినో, పెద్దమ్మ కూతురినో రాసుకోవచ్చు. అన్నట్టు, చట్టం దృష్టిలో పెద్దవాళ్లయ్యే మెజారిటీ వయసు అన్ని రాష్ట్రాల్లోనూ 18 కాదు. అలబామా, నెబ్రాస్కాల్లో 19.

తెలియాలన్న తల్లి, తెలియకూడదన్న బిడ్డ

ఈ చట్టాలు అన్యాయమని అనేవాళ్లు అమెరికాలోనూ ఉన్నారు. పిల్లల ఆత్మహత్యల తర్వాత "మీకు ముందే తెలుసు, మాకెందుకు చెప్పలేదు?" అంటూ తల్లిదండ్రులు యూనివర్సిటీల మీద కేసులు వేశారు. అలాంటి ఒక కేసులో 2018 మేలో మసాచుసెట్స్ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం మధ్యేమార్గంగా తీర్పు ఇచ్చింది. విద్యార్థి ఆత్మహత్యకు ప్రయత్నించాడని లేదా చేసుకుంటానని తన ఉద్దేశాన్ని బయటపెట్టాడని యూనివర్సిటీకి కచ్చితంగా తెలిస్తే తగిన చర్యలు తీసుకునే బాధ్యత దానికి ఉంటుంది. అలా తెలియనప్పుడు విద్యార్థి మనసులో ఏముందో ఊహించి కాపాడాలని అడగలేం అంది కోర్టు. ఆ తీర్పు ఆ ఒక్క రాష్ట్రానికే పరిమితం.

రెండో వైపు వాదనా తేలిగ్గా తీసిపారేసేది కాదు. చెప్పిన ప్రతి మాటా ఇంటికి చేరుతుందని తెలిస్తే పిల్లలు కౌన్సెలర్ దగ్గరికే వెళ్లరు. ఇది మనకు బాగా తెలిసిన సంగతే. ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీల్లో వార్డెన్‌కు చెబితే నాన్నకు తెలుస్తుందని ఎన్నో దాచుకుని పెరిగిన పిల్లలే ఇప్పుడు అమెరికాలో ఉన్నారు. కొన్ని ఇళ్లలో బిడ్డ టెన్షన్‌కు అసలు కారణం ఇంటి నుంచి వచ్చే ఫోనే, పెళ్లి సంబంధం గురించో, లోన్ వాయిదా గురించో. అలాంటప్పుడు ఇంటికి చెప్పడం వైద్యం కాదు.

బ్రిటన్‌లోని బ్రిస్టల్ యూనివర్సిటీ 2018లో దీనికి ఒక దారి వెతికింది. ఏడాది మొదట్లోనే, "నీ క్షేమం గురించి మాకు తీవ్రమైన ఆందోళన కలిగితే నువ్వు చెప్పిన వ్యక్తికి ఫోన్ చేయవచ్చా?" అని ప్రతి విద్యార్థినీ అడిగింది. తొంభై శాతానికి పైగా సరేనన్నారు. పిల్లలు ఇంటికి అసలేమీ తెలియకూడదని కోరుకోవడం లేదని, ఎప్పుడు, ఎవరికి అన్నది తమ చేతిలో ఉండాలని కోరుకుంటున్నారని నాకు దీన్నిబట్టి అనిపిస్తుంది.

ఇన్సూరెన్స్: అసలు లెక్క ఇక్కడుంది

మన పిల్లలు డాక్టర్ దగ్గరికి వెళ్లకపోవడానికి పెద్ద కారణం బిల్లు భయం. ఆ భయంలో సగం, కొన్న ఇన్సూరెన్స్ ఏమిటో తెలియకపోవడం వల్ల వచ్చేదే. నాలుగు మాటలు తెలిస్తే ఏ పాలసీ అయినా అర్థమవుతుంది.

ఏడాదిలో ముందుగా మన జేబులోంచి పూర్తిగా కట్టాల్సిన మొత్తం డిడక్టిబుల్. అది దాటాక బిల్లులో మన వాటాగా మిగిలే శాతం కోఇన్సూరెన్స్. డాక్టర్‌ను చూసిన ప్రతిసారీ కట్టే చిన్న స్థిర మొత్తం కోపే. ఏడాది మొత్తం మీద మన జేబులోంచి పోయేది ఇంతకు మించదు అన్న గీత అవుట్ ఆఫ్ పాకెట్ మాగ్జిమమ్. ఈ నాలుగోదే ప్రాణం. ఇవన్నీ ఇన్సూరెన్స్ కంపెనీతో ఒప్పందం ఉన్న ఆస్పత్రుల్లో, అంటే నెట్‌వర్క్‌లో వర్తించే లెక్కలు.

ఒక ఊహాత్మక ఉదాహరణ చూద్దాం. అపెండిసైటిస్ ఆపరేషన్, రెండు రోజులు ఆస్పత్రిలో. మొత్తం బిల్లు 24,000 డాలర్లు. ఒక విద్యార్థి దగ్గర యూనివర్సిటీ ప్లాన్ ఉంది. డిడక్టిబుల్ 500, కోఇన్సూరెన్స్ 20 శాతం, గరిష్ఠ పరిమితి 4,000 డాలర్లు. ముందు 500 పోతుంది. మిగిలిన 23,500లో 20 శాతం అంటే 4,700. రెండూ కలిపి 5,200. కానీ పరిమితి 4,000 కాబట్టి కట్టేది అంతే. డాలరు 90 రూపాయలనుకుంటే 3 లక్షల 60 వేలు.

ఇంకో విద్యార్థి ప్రీమియం తక్కువని ‘ఫిక్స్‌డ్ బెనిఫిట్’ రకం పాలసీ తీసుకున్నాడు. సర్జన్‌కు 3,300, గదికి రోజుకు 1,400 చొప్పున రెండు రోజులకు 2,800, మత్తు డాక్టర్‌కు 800, ఎమర్జెన్సీకి 330 డాలర్లు ఇస్తుంది. మొత్తం 7,230. బిల్లులో మిగిలిన 16,770 డాలర్లు, అంటే సుమారు 15 లక్షలు, ఆ అబ్బాయి మీద. ఇక్కడ పైన గీత ఉండదు, బిల్లు పెరిగినకొద్దీ భారం పెరుగుతూనే పోతుంది.

మొదటి రకాన్ని కాదని రెండో రకం ఎందుకు కొంటారు? యూనివర్సిటీ ప్లాన్లు చాలాచోట్ల ఏడాదికి రెండు మూడు వేల డాలర్లుంటాయి, బయటివి కొన్ని వందల్లో దొరుకుతాయి. సమానమైన కవరేజీ చూపిస్తే కొన్ని యూనివర్సిటీలు తమ ప్లాన్ వద్దనుకోవడానికి అనుమతిస్తాయి. దీన్ని వేవర్ అంటారు. సీనియర్లు వాట్సాప్ గ్రూపులో పంపే లింకు తరచూ ఈ వేవర్‌కు సరిపడా తయారుచేసిన పాలసీదే. అన్నీ చెడ్డవని కాదు. తేడా ఎక్కడ వస్తుందంటే, యూనివర్సిటీ ఇచ్చే విద్యార్థి ప్లాన్లు సాధారణంగా అఫర్డబుల్ కేర్ యాక్ట్ అనే ఆరోగ్య బీమా చట్టం నిబంధనలకు లోబడి ఉంటాయి. పాత జబ్బులను మినహాయించలేవు, చట్టం తప్పనిసరి అన్న ముఖ్యమైన ఆరోగ్య సేవలకు వార్షిక పరిమితి పెట్టలేవు. బయటి ట్రావెల్ తరహా పాలసీలకు ఆ కట్టుబాటు లేదు. ఆస్తమా, థైరాయిడ్, మానసిక చికిత్స, కాలేజీ ఆటల్లో తగిలిన దెబ్బలు సన్నటి అక్షరాల్లో బయటికి పోతాయి. ఆరోగ్యంగా ఉన్న కుర్రాడికి చవక పాలసీతో డబ్బు మిగిలే మాట నిజమే. బిల్లు రానంతవరకు.

జె-1 అనే ఎక్స్ఛేంజ్ వీసా మీద వెళ్లేవాళ్లకు కనీసం ఎంత కవరేజీ ఉండాలో అమెరికా ప్రభుత్వమే నిర్ణయించింది. మన పిల్లల్లో ఎక్కువమంది వెళ్లే ఎఫ్-1కు అలాంటి ఫెడరల్ నిబంధన లేదు, యూనివర్సిటీ ఎంతంటే అంత.

ఎక్కడికి వెళ్లాలన్నది కూడా బిల్లును మార్చేస్తుంది. జ్వరం, గొంతునొప్పికి క్యాంపస్ హెల్త్ సెంటర్. అది మూసి ఉంటే, చేయి బెణికితే, అర్జెంట్ కేర్. ఛాతీనొప్పి, ఊపిరాడకపోవడం, స్పృహ తప్పడం లాంటివైతే ఎమర్జెన్సీ రూమ్. ఎమర్జెన్సీకి వెళ్లినవాళ్లను డబ్బుల్లేవని వెనక్కి పంపకూడదు. పరీక్షించి, ప్రాణాపాయం తప్పించే చికిత్స చేయాలని 1986 చట్టం చెబుతోంది. నెట్‌వర్క్‌లో లేని ఆస్పత్రిలో ఎమర్జెన్సీ చికిత్స జరిగినా అదనంగా బాదకుండా 2022 జనవరి నుంచి ఇంకో చట్టం అమల్లోకి వచ్చింది. రోడ్డు మీద వచ్చే అంబులెన్స్ మాత్రం దాని పరిధిలోకి రాదు. స్నేహితుడి కారులోనో ఊబర్‌లోనో ఎమర్జెన్సీకి వెళ్లే అలవాటు మన పిల్లలకు ఎందుకుందో ఇప్పుడు అర్థమవుతుంది. కాలు విరిగినప్పుడు సరేగానీ, గుండె దగ్గర నొప్పికి ఆ లెక్క ప్రమాదం.

వచ్చిన బిల్లే ఆఖరి మాట కూడా కాదు. లాభాపేక్ష లేని ఆస్పత్రులకు పన్ను మినహాయింపు ఉంటుంది, దానికి బదులుగా ఆదాయం తక్కువున్న రోగులకు బిల్లు తగ్గించే పథకం వాళ్లు రాతపూర్వకంగా పెట్టుకోవాలి. అడగనివాళ్లకు అది దొరకదు.

టీకాలు, టీబీ పరీక్ష, డోలో

ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా) రెండు డోసుల రుజువు దాదాపు అన్ని యూనివర్సిటీలూ అడుగుతాయి. టీబీ పరీక్ష దగ్గర మనకో ప్రత్యేకమైన తిరకాసు ఉంది. పుట్టగానే బీసీజీ వేయించుకున్నవాళ్లకు చర్మం మీద చేసే టీబీ పరీక్ష జబ్బు లేకపోయినా పాజిటివ్ చూపించవచ్చు. ‘ఇగ్రా’ రక్త పరీక్షకు ఆ ఇబ్బంది లేదు, క్వాంటిఫెరాన్ అని అడుగుతారే, అదే.

ఇక మాత్రలు. సూట్‌కేసులో వెళ్లే డోలోలో ఉన్నది పారాసెటమాల్. అమెరికాలో ఆ పేరు ఎక్కడా కనిపించదు, ఎసిటమినోఫెన్ అంటారు, టైలెనాల్ అంటే అదే. అక్కడి షాపుల్లో దొరికే జలుబు మందుల్లో చాలావాటిలోనూ అదే ఉంటుంది. ఆరు గంటలకో డోలో వేసుకుంటూ మధ్యలో డేక్విల్, రాత్రి నైక్విల్ తాగితే ఒకే మందు రెండు పేర్లతో లోపలికి వెళుతుంది. పెద్దవాళ్లకు రోజుకు 4 గ్రాములు దాటితే కాలేయానికి ముప్పు.

మనసు బాగోలేదని చెబితే వీసా పోతుందా?

ఈ భయం పిల్లల్లో చాలా బలంగా ఉంది. ఎఫ్-1 విద్యార్థి ప్రతి సెమిస్టర్‌లో పూర్తిస్థాయి కోర్సులు చదవాలి, మానేస్తే స్టేటస్ పోతుంది. ఇంతవరకు నిజమే. అదే నిబంధనల్లో ఆరోగ్య కారణాలకు మినహాయింపు కూడా ఉంది. డాక్టర్ లేదా లైసెన్స్ ఉన్న క్లినికల్ సైకాలజిస్ట్ లేఖ ఇస్తే, యూనివర్సిటీలో వీసా వ్యవహారాలు చూసే డీఎస్ఓ కోర్సుల భారం తగ్గించవచ్చు, అవసరమైతే ఆ సెమిస్టర్‌లో ఏ కోర్సూ లేకుండా కూడా అనుమతించవచ్చు. ఒక డిగ్రీ స్థాయిలో మొత్తం కలిపి 12 నెలల వరకు. డిప్రెషన్ కూడా ఆరోగ్య కారణమే.

ఇదంతా వరస ప్రకారం జరగాలి. ముందు డీఎస్ఓ అనుమతి, తర్వాత కోర్సు వదలడం. తట్టుకోలేక ముందే కోర్సులు డ్రాప్ చేసి, ఆ తర్వాత వెళ్లి కారణం చెబితే దారి మూసుకుపోవచ్చు. ఇంట్లో "ఏం కాదులే, ఈ సెమిస్టర్ ఎలాగోలా లాగెయ్" అనే మాట వెనుక కూడా ఎక్కువసార్లు ఈ నిబంధన తెలియకపోవడమే ఉంటుంది.

యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటర్లో ఎన్నిసార్లు కలవచ్చన్నదానికి చాలాచోట్ల పరిమితి ఉంటుంది, ఆ తర్వాత బయటికి పంపుతారు. అక్కడ మళ్లీ ఇన్సూరెన్స్ ప్రశ్న వస్తుంది. తట్టుకోలేని క్షణంలో అమెరికాలో ఎక్కడి నుంచైనా 988కి ఫోన్ చేయవచ్చు, మెసేజ్ పెట్టవచ్చు. ఈ మూడంకెల నంబర్ 2022 జులైలో వచ్చింది.

క్యాంపస్ లెక్కల్లోకి రాని వీధి

యూనివర్సిటీ ఎంత సురక్షితమో చూసుకోవడానికి ఒక మంచి చట్టం ఉంది. 1986లో లీహై యూనివర్సిటీ హాస్టల్ గదిలో జీన్ క్లెరీ అనే విద్యార్థిని హత్యకు గురైంది. ఆమె తల్లిదండ్రుల పోరాటం వల్ల 1990లో వచ్చిన ఈ చట్టం ప్రకారం దాదాపు ప్రతి కాలేజీ తన నేరాల లెక్కలను ఏటా అక్టోబర్ 1 లోపు బయటపెట్టాలి. ముప్పు ఉన్నప్పుడు విద్యార్థులను హెచ్చరించాలి.

ఆ నివేదిక చూసి ఊరట పడే ముందు అందులో ఏ ప్రాంతం లెక్క ఉందో గమనించాలి. క్యాంపస్, దాన్ని ఆనుకుని ఉన్న బహిరంగ స్థలాలు, యూనివర్సిటీ అధీనంలోని ఇతర భవనాలు మాత్రమే. మన ఎంఎస్ పిల్లల్లో ఎక్కువమంది అద్దె తక్కువని క్యాంపస్‌కు మూడు నాలుగు మైళ్ల దూరంలో నలుగురైదుగురు కలిసి ఉండే అపార్ట్‌మెంట్ లెక్క అందులో రాదు. రాత్రి పదకొండుకు వాళ్లు నడిచి వచ్చే రోడ్డూ రాదు. ఆ వివరాలు నగర పోలీసుల దగ్గర ఉంటాయి.

ఇంకో సంగతి మనం ఇక్కడ మాట్లాడుకోవడానికి మొహమాటపడతాం. సెమిస్టర్ నడిచేటప్పుడు ఎఫ్-1 విద్యార్థి క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకే పనిచేయవచ్చు. ఆ ఉద్యోగాలు చాలవు. లోన్ వాయిదా ఆగదు. అందుకే కొందరు గ్యాస్ స్టేషన్లలో, షాపుల్లో రాత్రి షిఫ్టులు చేస్తారు. అక్కడ దోపిడీ జరిగితే పోలీసులకు చెప్పాలంటే, అనుమతి లేని పని బయటపడుతుందన్న భయం. 2025 ఏప్రిల్‌లో వేలమంది విద్యార్థుల సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ డేటాబేస్) రికార్డులను ప్రభుత్వం ఒక్కసారిగా రద్దు చేసింది. వాళ్లలో చిన్న ట్రాఫిక్ కేసులున్నవాళ్లూ ఉన్నారు. కోర్టు కేసుల తర్వాత నెలాఖరుకల్లా వాటిని తిరిగి పునరుద్ధరించడం మొదలుపెట్టినా, పోలీసు అన్న మాటే వద్దనే భయం పిల్లల్లో మిగిలిపోయింది. నేరానికి గురైనవాడు ఫిర్యాదు చేయడం నేరం కాదు. అయినా ఈ భయాన్ని ఉత్త పిరికితనంగా కొట్టిపారేయలేం.

ఫోన్ ఎత్తనప్పుడు ఎవరిని అడగవచ్చు

అమెరికా అత్యవసర నంబర్ 911కు ఇక్కడి నుంచి ఫోన్ కలవదు. అక్కడి పోలీస్ స్టేషన్‌కు ఉండే మామూలు పదంకెల నంబర్‌కు ముందు +1 పెట్టి చేస్తే కలుస్తుంది. క్యాంపస్ హాస్టల్లో ఉంటే క్యాంపస్ పోలీసులు, బయట అపార్ట్‌మెంట్ అయితే ఆ నగర పోలీసులు. ఎవరైనా వెళ్లి మనిషి క్షేమంగా ఉందో లేదో చూసి రమ్మని అడగవచ్చు. దీన్ని వెల్‌నెస్ చెక్ అంటారు. అపార్ట్‌మెంట్ నంబర్‌తో సహా పూర్తి చిరునామా లేకపోతే రెండు వందల ఫ్లాట్ల కాంప్లెక్స్‌లో వాళ్లు చేయగలిగింది తక్కువ. అమ్మాయికి అక్కడ అన్నీ తెలుసన్న నమ్మకంతో ఆ చిరునామా రాసి పెట్టుకోని ఇళ్లు చాలా ఉన్నాయి. మానసికంగా కుంగిపోయి ఉన్న మనిషి ముందుకు ఆయుధంతో ఉన్న పోలీసు వెళ్లడం మంచిదేనా అన్న చర్చ అమెరికాలో గట్టిగా నడుస్తోంది. కొన్ని నగరాలు అలాంటి పిలుపులకు కౌన్సెలర్లను పంపుతున్నాయి. ముందు రూమ్‌మేట్, ఆ తర్వాత కాలేజీ కేర్ టీమ్, చివరికి పోలీసులు అన్న క్రమం మామూలు సందర్భాలకు సరిపోతుంది. ప్రాణాపాయం అనిపిస్తే ఆ క్రమం చూసుకునే టైమ్ ఉండదు.

భారత కాన్సులేట్ నుంచి మనవాళ్లు ఆశించేదానికీ అది చేయగలిగినదానికీ చాలా తేడా ఉంది. న్యూయార్క్, షికాగో, హ్యూస్టన్, అట్లాంటా, శాన్‌ఫ్రాన్సిస్కో, సియాటిల్ కాన్సులేట్లు ఒక్కొక్కటీ కొన్ని రాష్ట్రాలను చూస్తాయి. ఆస్పత్రితో, పోలీసులతో మాట్లాడతాయి, పత్రాలు త్వరగా ఇస్తాయి, కుటుంబానికి సమాచారం అందిస్తాయి. విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్‌లో పెట్టిన ఫిర్యాదు నేరుగా వాళ్లకు చేరుతుంది. కానీ దర్యాప్తు చేయలేవు, ఆస్పత్రి బిల్లు మామూలుగా కట్టవు, డాక్టర్ నిర్ణయాన్ని మార్చలేవు. ఈ ఖాళీని చాలావరకు పూడ్చేది తానా, ఆటా, నాట్స్ లాంటి తెలుగు సంఘాల వలంటీర్లు. తెలియని ఊళ్లో ఆస్పత్రికి వెళ్లి తెలుగులో నాలుగు మాటలు మాట్లాడి ఫోన్ చేసేది తరచూ వాళ్లే.

చెప్పుకోవడానికి కష్టమైన చివరి సంగతి ఒకటుంది. చనిపోయినవారి భౌతికకాయాన్ని స్వదేశానికి పంపే ఖర్చు వేల డాలర్లలో ఉంటుంది. ప్రతిసారీ ఆన్‌లైన్‌లో విరాళాల పేజీ తెరవడం మనం చూస్తూనే ఉన్నాం. అంతర్జాతీయ విద్యార్థుల కోసం తయారైన చాలా ప్లాన్లలో ఈ ఖర్చుకు కవరేజీ ఉంటుంది. ఉద్యోగం వచ్చాక కంపెనీ ఇచ్చే మామూలు హెల్త్ ప్లాన్‌లో సాధారణంగా ఉండదు. చదువు ముగిసి విద్యార్థి ప్లాన్ ఆగిపోయి, ఉద్యోగం ఇంకా దొరకని ఓపీటీ నెలల్లో అయితే చాలామంది పిల్లలకు ఏ ప్లానూ ఉండదు, ఆ సంగతి ఇంట్లోనూ తెలియదు.